సందేహాలు – సమాధానాలు: ఒక నవల, నాలుగు విశేషణాలు

సందేహం: మా ఊరి గ్రంథాలయంలో నెలనెలా పుస్తక పరిచయ సభ జరుగుతుంది. ఈసారి జపాన్ రచయిత హరుకి మురకామి నవల ‘1క్యూ84’ గురించి నేను మాట్లాడాలి. ఆహ్వానపత్రంలో ‘డిస్టోపియన్ మిస్టరీ రొమాంటిక్ ఫాంటసీ నవల’ అని రాశాను. మా తెలుగు మాస్టారు దాన్ని కొట్టేసి ‘దుర్రాజ్య మార్మిక శృంగార కాల్పనిక నవల’ అని దిద్దారు. సభ్యులేమో రెండూ అర్థం కాలేదంటున్నారు. వీటిలో ఏది సరైనది? ఇన్ని రకాలు కలిసినదాన్ని ‘సంకర నవల’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ వద్దు. ఇంగ్లీషు పుస్తకం అట్ట వెనక ఉండే మాటలను మీరు తెలుగు లిపిలోకి దించారు. మాస్టారు ఆ మాటలకే నిఘంటువు తిరగేసి ఒక్కో సంస్కృత పదం చొప్పున అతికించారు. వరస మాత్రం రెండింటిలోనూ ఇంగ్లీషుదే. మీ సభ్యులను తప్పుపట్టడానికేమీ లేదు.

మాస్టారు శ్రమపడ్డారు కాబట్టి ముందు ఆయన మాటల సంగతి చూద్దాం. ‘దుర్’ మీద ‘రాజ్యం’ వస్తే ‘దుర్రాజ్యం’ కాదు. రేఫకు, అంటే ‘ర్’ అనే హల్లుకు, మరో రేఫ పరమైతే మొదటిది లోపించి, దాని ముందున్న హ్రస్వం దీర్ఘమవుతుంది. నిర్ + రోగం ‘నీరోగం’, నిర్ + రసం ‘నీరసం’ అయింది అందుకే. ఆ లెక్కన ఇది ‘దూరాజ్యం’ కావాలి. అలా దిద్దితే సూత్రం నిలుస్తుంది గాని, చదివినవారు దూరాన ఉన్న రాజ్యమేదో అనుకుంటారు. సంస్కృతమే కావాలంటే ‘దుర్లోకం’ నయం. సంధి చిక్కు లేదు, మూలానికీ దగ్గర. గ్రీకు ‘డిస్’, మన ‘దుస్’ ఒకే మూలం నుంచి వచ్చిన ఉపసర్గలు. ‘టోపోస్’ అంటే చోటు. కాబట్టి డిస్టోపియా అంటే బతుకు దుర్భరమైన చెడ్డ లోకం. 1516లో థామస్ మోర్ ఊహలోని ఆదర్శ రాజ్యానికి ‘యుటోపియా’ అనే పేరు పెడితే, దానికి ఎదురుమాటగా 1868లో జాన్ స్టూవర్ట్ మిల్ బ్రిటిష్ పార్లమెంటులో, ఐర్లండ్ విషయమై ప్రభుత్వాన్ని ఎండగడుతూ ‘డిస్టోపియన్లు’ అన్నాడు. అప్పటికది రాజకీయపు తిట్టే. సాహిత్యంలోకి తరవాత వచ్చింది.

ఇదంతా చెప్పి కూడా, నేనైతే ‘డిస్టోపియా’నే ఉంచుతాను. పరాయి మాట అని జంకనక్కరలేదు. ఆ మాటకొస్తే ‘నవల’ మాత్రం ఎక్కడిది? 1872లో నరహరి గోపాలకృష్ణమ శెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ రాసినప్పుడు అది ‘నవీన ప్రబంధం’. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ‘వచన ప్రబంధం’. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఇంగ్లీషు మాటను తీసుకుని, ‘కొత్త విశేషాలను గ్రహించేది’ అని దానికొక సంస్కృత వ్యుత్పత్తి తొడిగి ‘నవల’ అన్నారు. పాత కావ్యాల్లో ‘నవల’ అంటే స్త్రీ అయినా ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇవాళ అది ఇంగ్లీషు నుంచి వచ్చిందని గుర్తుచేస్తేనే ఆశ్చర్యపోతారు.

కాని మీ ‘డిస్టోపియన్’లో చివరి పొల్లు తీసేయండి. నామవాచకాన్ని విశేషణం చేయడానికి ఆ ప్రత్యయం ఇంగ్లీషుకు కావాలి. మనకు నామవాచకం వెళ్లి మరో నామవాచకం ముందు నిలబడితే చాలు. అమెరికా అధ్యక్షుడు, రష్యా సైన్యం, హాస్య నవల అంటున్నాం. ‘అమెరికన్ అధ్యక్షుడు’ అంటే చెవికి తగులుతుంది. ఇదీ అంతే, డిస్టోపియా నవల. ‘రొమాంటిక్’కూ ఈ తూకమే వర్తిస్తుంది.

‘మార్మిక’ అన్నది ఇక్కడ పొరపాటే. సంస్కృతంలో మార్మికుడంటే లోతెరిగినవాడు. తెలుగు విమర్శలో ‘మార్మిక కవిత్వం’ అనగానే పరమాత్మతో మమేకమయ్యే అనుభూతి కవిత్వం గుర్తుకొస్తుంది. హత్య, ఆచూకీ, అనుమానం ఉన్న పుస్తకానికి ఆ మాట వాడితే పాఠకుడు భక్తితో తెరుస్తాడు. మరి మనకు ‘అపరాధ పరిశోధన’ ఉంది కదా అంటారేమో. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివిన తరానికి అది ఇంటి మాటే. అయితే దానికి నేరస్థుడెవరో తేలని నేరం ఉండాలి. మురకామి నవలలో హత్య ఎవరు చేస్తున్నారో మొదట్లోనే తెలిసిపోతుంది. తెలియనిది, తాము ఉన్న లోకం ఏది అన్నది. ఇక్కడ ‘మిస్టరీ’ చాలు.

‘శృంగారం’ అలంకారశాస్త్రంలో రసరాజం. విరహమూ అందులోదే, ‘విప్రలంభం’ అంటారు. కాని బజారులో ‘శృంగార నవల’ అంటే ఏమిటో మీకూ తెలుసు, ఆహ్వానం అందుకునే పెద్దలకూ తెలుసు. ‘రొమాన్స్’ కూడా ఈమధ్య సినిమావాళ్ల చేతిలో పడి అటే జారింది. ‘ప్రేమ’ అనండి. ‘ప్రణయం’ తప్పు కాదు గాని కాస్త గ్రాంథికపు వాసన.

అసలు చిక్కు ‘కాల్పనికం’తో. కాల్పనిక సాహిత్యం అంటే కల్పించి రాసినదంతా. కాల్పనికవాదం అంటే ఇంగ్లీషు కవులు వర్డ్స్‌వర్త్, షెల్లీల ధోరణి. మాస్టారి దృష్టిలో మాయలూ మంత్రాలూ. ఒక్క మాట మీద మూడు బరువులు వేస్తే ఏదీ నిలవదు. ఈ మూడో అర్థానికి తెలుగువారు చాలాకాలంగా వాడుతున్న మాట మరొకటి ఉంది. అది ‘జానపదం’. శాస్త్రప్రకారం జానపదమంటే పల్లె ప్రజల నోట నిలిచిన సాహిత్యం. వాడుకలో మాత్రం మాంత్రికుడు, రాకుమారి, ఏడు సముద్రాల అవతల చిలుక ఉంటే జానపదమే. విఠలాచార్య సినిమాలు జానపదాలు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లూ జానపదాలే. ఈ వాడుకను శాస్త్రజ్ఞులు ఎంత విసుక్కున్నా అది చెదరలేదు, నేనూ విసుక్కోను. కాకపోతే దానిలో కత్తి, కోట, గుర్రం ఉండి తీరాలి. టాక్సీ ఎక్కి వెళ్లే నాయికకు అది నప్పదు. కాబట్టి ‘ఫాంటసీ’. ‘ఫ్యాంటసీ’ అని రాసినా తప్పు లేదు, ఒకే పత్రంలో రెండు రకాలుగా రాయకపోతే చాలు.

ఇక ‘సంకర నవల’. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే మీకు తెలియకుండానే సరిగ్గా శాస్త్రం మీద వేలు పెట్టారు. ఒక పద్యంలో రెండు అలంకారాలు కలిస్తే ఆ కలయిక రెండు రకాలన్నారు ఆలంకారికులు. నువ్వులూ బియ్యమూ కలిపినట్టు ఉండి, దేనికది ఏరుకోగలిగితే సంసృష్టి. పాలూ నీళ్లూ కలిసినట్టు విడదీయరాకుండా ఉంటే సంకరం. ఈ గీటురాయి నవలకు కూడా పనికొస్తుంది.

మీ నవలనే చూడండి. టోక్యోలో ఎత్తైన రహదారి మీద వాహనాలు ఆగిపోతే, అవోమామె అనే యువతి టాక్సీ దిగి అత్యవసర మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. తరవాత పోలీసుల దుస్తులు, వారి నడుముకున్న తుపాకీ మునుపటివి కావని గమనిస్తుంది. మారిన తుపాకీ మిస్టరీ నవలలో ఆధారం అవుతుంది. ఇక్కడ అదే ఫాంటసీకి గుమ్మం కూడా. మరికొన్నాళ్లకు ఆకాశంలో మామూలు చంద్రుడి పక్కన ఆకుపచ్చటి చిన్న చంద్రుడు కనిపిస్తాడు. అది ఫాంటసీ అనుకుంటాం. కాని పదేళ్ల వయసులో ఆమె ఎవరి చేయి పట్టుకుందో ఆ తెంగో, పార్కులో జారుడుబల్ల మీద కూర్చుని ఆ రెండు చందమామలనే చూస్తుంటాడు. వాటి వల్లే అతని జాడ ఆమెకు తెలుస్తుంది. ప్రేమకథను తీసేస్తే చందమామలకు పని లేదు, చందమామలను తీసేస్తే ప్రేమకథ నడవదు. ఇది నికార్సైన సంకరం.

డిస్టోపియా మాత్రం నువ్వుగింజలాగే విడిగా కనిపిస్తుంది. 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ నీడ పేరులోనే ఉంది గాని, ఆర్వెల్ చూపిన సర్వాధికార రాజ్యం ఇందులో లేదు. ఉన్నది ఒక రహస్య మతశాఖ. ఆర్వెల్‌లో ‘పెద్దన్న’ (బిగ్ బ్రదర్) అనే పాలకుడు అందరినీ చూస్తుంటాడు, ఇందులో చిట్టి మనుషులు వస్తారు. (ఆ ‘పెద్దన్న’ తెలుగు పత్రికల్లో ఎంత స్థిరపడ్డాడంటే, ‘అమెరికా పెద్దన్న పాత్ర’ అని రాసేవారికి ఆర్వెల్ గుర్తుకే రాడు. పాపం, ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నలు ఏం తప్పు చేశారని!) అందువల్ల విశేషణాల్లో డిస్టోపియాను ముందు నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. అసలు లేకపోయినా లోటు లేదు.

శాస్త్రం ఒప్పినా ‘సంకర’ అన్న మాట ఆహ్వానపత్రానికి పనికిరాదు. సంకర విత్తనాలు, సంకర జాతి ఆవులు, భగవద్గీత మొదటి అధ్యాయంలోని వర్ణసంకరం – ఇవన్నీ మాట వెంట వచ్చేస్తాయి. కొందరు ‘బహుళ ప్రక్రియల నవల’ అని రాస్తున్నారు, అదీ సరికాదు. ప్రక్రియ అంటే కవిత, కథ, నాటకం వంటిది. గద్యపద్యాలు కలిసిన చంపువు లాంటి పుస్తకానికైతే ఆ మాట తగును. మిస్టరీ, ప్రేమ, ఫాంటసీ అనేవి కోవలు. ‘ఆ కోవకు చెందిన నవల’ అంటాం కదా, అదే మాట.

మరి ఏమని రాయాలి? పింగళి సూరన దగ్గరికి వెళ్దాం. పదహారో శతాబ్దపు ‘కళాపూర్ణోదయం’లో మాయ రంభ ఉంది, పూర్వజన్మల చిక్కుముడి ఉంది, బలి ఉంది, ప్రేమ ఉంది, పసిపాప నోరు విప్పి కథ చెప్పడమూ ఉంది. అంతటి కలగలుపును సూరన ఏ ఒక్క ముద్దపదంతోనూ చెప్పలేదు. ‘అపూర్వ కథాసంవిధాన వైచిత్రి’ కలది, ‘శృంగార రస ప్రాయం’ అయినది అన్నాడు. ‘ప్రాయం’ అన్న మాట పట్టుకోండి. ఎన్ని కలిసినా, వాటా ఎక్కువ దేనిదో అది చెబుతుంది. మన సమాసంలో చివరికి దగ్గరగా ఉన్న మాటకే బరువెక్కువ. నాలుగు విశేషణాలు వరసగా గుచ్చితే పాఠకుడికి ఏది ప్రధానమో తెలియదు. ప్రధానమైనదాన్ని ‘నవల’ పక్కన నిలిపి, తక్కినవాటిని క్రియకు అప్పగించండి. కలిసిన, మొదలైన, మళ్లిన – ఈ క్రియాజన్య విశేషణాలు చేసే పని సమాసాల వల్ల కాదు.

నేనైతే ఇలా రాస్తాను: ‘మిస్టరీగా మొదలై, రెండు చందమామల లోకంలోకి మళ్లే ప్రేమ నవల.’ మీరు మిస్టరీయే ప్రధానమనుకుంటే ‘ప్రేమ, ఫాంటసీ కలగలిసిన మిస్టరీ నవల’ అనండి. మొదటిది నా తీర్పు, రెండోదీ తెలుగే.

మీరు అడగని సంగతి ఒకటి. జపనీస్‌లో తొమ్మిదిని ‘క్యూ’ అంటారు. అందుకే ఆ శీర్షిక వినడానికి 1984 లాగే ఉంటుంది. నవలలో అవోమామె ఆ ‘క్యూ’కు ‘క్వశ్చన్ మార్క్’ అని అర్థం చెప్పుకుంటుంది. తెలుగులో ఆ శ్లేష రాదు, రప్పించాలని ప్రయత్నించకండి. పైగా మనకు క్యూ అంటే సినిమా టికెట్ల దగ్గర నిలబడేది. శీర్షికను ఉన్నదున్నట్టు ‘1క్యూ84’ అనే అచ్చువేయించి, సభలో విడివిడిగా ‘ఒకటి, క్యూ, ఎనభై నాలుగు’ అని చదవండి. ప్రూఫులు మాత్రం మీరే చూసుకోండి. ప్రెస్సువారు అచ్చుతప్పు అనుకుని ‘1984’ అని సరిచేసి ఇచ్చే ప్రమాదముంది.