గుడ్డు ముట్టకుండా కండ పెంచొచ్చు, కానీ కండ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు

రాజాం దగ్గర్నుంచి ఒక కుర్రాడు రాసిన ఉత్తరం ఇది, కుదించి చెప్తున్నాను. ఇంటర్ బైపీసీ ఈ ఏడాదే పూర్తయింది. బరువు 60 కిలోలు, ఏడాదిగా జిమ్‌కి వెళ్తున్నాడు. ఇంట్లో పాలు, పెరుగు తప్ప గుడ్డు కూడా గడప దాటి రాదు. జిమ్‌లో సీనియర్లేమో "పప్పు తిని బాడీబిల్డర్ అయినోడు లేడు, గుడ్లు తిను, లేదంటే ఈ ప్రొటీన్ పొడి డబ్బా కొను" అంటున్నారట, ఆ డబ్బా ఐదు వేల పైమాటే. నాన్నకి కిరాణా కొట్టు. ఆయన మాట ఒకటే: జిమ్ము పనీపాటా లేనివాళ్ళది, బుద్ధిగా ఫార్మసీలో చేరు. కుర్రాడి ప్రశ్నలు రెండు. శాకాహారంతో బాడీబిల్డింగ్ అవుతుందా? అయితే దాని మీద బతకొచ్చా?

బాబూ, మొదటిదానికి అవుననే చెప్తాను. రెండోదానికి మాత్రం, నువ్వు అనుకుంటున్న దారిలో అయితే కష్టం, పక్క దారి ఒకటుంది, దాని గురించి చివర్లో వివరంగా మాట్లాడుకుందాం.

పప్పు తిని ఎవడూ ఎదగలేదన్న ఆ సీనియర్లకి వీరఘట్టం గుర్తు చెయ్యి. మీ రాజాం నుంచి పెద్ద దూరమేం కాదు. కోడి రామమూర్తి నాయుడు గారు 1882లో పుట్టింది అక్కడే, విజయనగరంలో వ్యాయామశాల నడిపారు, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నారు, ఇనుప గొలుసులు తెంపారు, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నారు. ఆయన శాకాహారి. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు, ఆ ముందు నుంచి వెళ్తూ కూడా గుడ్డు లేకపోతే కండ లేదని వాదించేవాళ్ళున్నారు మరి.

సరే, ఒక్క మహానుభావుణ్ణి చూపించి అందరికీ అదే వర్తిస్తుందని చెప్పడం న్యాయం కాదు. బ్రెజిల్‌లో చేసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. పాలు కూడా ముట్టని 19 మంది కుర్రాళ్ళని, మాంసం తినే 19 మందిని తీసుకుని, ఇద్దరికీ కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా చూశారు, మొదటివాళ్ళకి సోయా పొడి, మాంసం తినేవాళ్ళకి వే పొడి (పాల నుంచి తీసే ప్రొటీన్) కలిపి. 12 వారాలు కాళ్ళకి వ్యాయామం చేయించి కొలిస్తే కండలోగానీ బలంలోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ప్రొటీన్ ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కాదు, సరిపడా వచ్చిందా లేదా అన్నదే లెక్క. నువ్వు పాలూ పెరుగూ తింటావు కాబట్టి నీ పని వాళ్ళకన్నా సులువు.

ఇక్కడే మన ఇళ్ళల్లో అసలు చిక్కు. "మేం రోజూ పప్పు తింటాం కదా" అంటారు. తింటారు, కానీ ఎంత? నలుగురున్న ఇంట్లో చారెడు కందిపప్పు ఉడికించి, అందులో గిన్నెడు నీళ్ళు, చింతపండు, ములక్కాడలు వేసి పప్పుచారు చేస్తే, నీ కంచంలోకి వచ్చేది పది పదిహేను గ్రాముల పప్పు, అందులో ప్రొటీన్ మహా అయితే మూడు గ్రాములు. మిగతాదంతా అన్నం. ఉలవలది ఇంకా విడ్డూరం. ఉలవచారు బలమని జుర్రుకుంటాం, నిజానికి చారులోకి దిగేది కొంచెమే, ప్రొటీన్ చాలావరకూ ఉడికిన గింజలోనే ఉండిపోతుంది, ఆ గింజలు వెనకటి నుంచీ ఎడ్లకి పెట్టేవాళ్ళం. ఎడ్లు దున్నాయంటే దున్నవా! వంద గ్రాముల ఉలవల్లో 21, 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఇంకెప్పుడూ ఆ గింజల్ని పారేయనివ్వకు, తాలింపేసి గుగ్గిళ్ళుగా తిను.

నీకెంత కావాలో ఇప్పుడు చూద్దాం. మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాడికి 1.6 దగ్గర పెట్టుకోమంటారు. నీ 60 కిలోలకి 96 గ్రాములు. మొక్కల ప్రొటీన్ కొంచెం తక్కువగా అరుగుతుంది కాబట్టి నేనైతే 105 దగ్గర పెట్టుకుంటాను. ఇందుకు మీ నాన్నగారి కొట్టు కన్నా మంచి ప్రయోగశాల లేదు, తక్కెడ అక్కడే ఉంది, సరుకంతా అక్కడే ఉంది. ఒక వారం రోజులు వండకముందే పచ్చి సరుకుని తూచి రాసుకో.

పొద్దున్న 60 గ్రాముల పెసలతో పెసరట్లు వేసుకుంటే ప్రొటీన్ 14 గ్రాములు. రోజు మొత్తానికి అర లీటరు పాలు, 16. పావుకిలో పైన, 300 గ్రాముల బియ్యం అన్నం రెండు పూటలకి, 22 (అన్నంలో కూడా ప్రొటీన్ ఉంటుందని జిమ్‌లో ఎవరూ చెప్పరు). 60 గ్రాముల కందిపప్పు, ముద్దపప్పుగానో ఆకుకూర పప్పుగానో, 13. గుప్పెడు వేరుశనగలు, 40 గ్రాములు, 10 కి కొంచెం అటూ ఇటూ. రెండు వందల గ్రాముల పెరుగు, 6. ఇప్పటికే 81 వచ్చింది. లోటు పూడ్చేది మీల్‌మేకర్, అంటే సోయా ముక్కలు. ఎండుది 50 గ్రాములు తూచావంటే 26, మొత్తం 107. వేడినీళ్ళలో ఉప్పేసి పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఒకసారి చన్నీళ్ళతో పిండితే ఆ పచ్చివాసన పోతుంది, తర్వాత అల్లంవెల్లుల్లి వేసి వేయించుకో. సోయా తింటే మగతనం పోతుందన్న మాట కూడా నీ చెవిన పడే ఉంటుంది. అప్పటివరకూ జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో ఒకసారి లెక్కవేశారు, మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గినట్టు తేలలేదు. టెన్షన్ పడకు, అలాగని మూడు పూటలా అదే తినకు.

ప్రొటీన్‌ని కట్టే ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో మెథియోనిన్ పప్పుల్లో తక్కువ, లైసిన్ బియ్యంలో తక్కువ, పప్పూ అన్నం కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఒకే ముద్దలో కలవాలని లేదు, రోజు మొత్తంలో కలిస్తే చాలు. కానీ అంతా రాత్రికే తినేయకుండా పూటకి 25 గ్రాములు పడేలా పంచుకుంటే మంచిది. గింజలు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, గుగ్గిళ్ళు మొదట్లో రోజు విడిచి రోజు తిను, రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయి. చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) అన్నం బాగున్నాయి గానీ వాటిని ప్రొటీన్ కింద జమ కట్టకు, చోళ్ళలో వందకి ఏడు గ్రాములే, అవి కాల్షియం కోసం. పలాస జీడిపప్పులో ప్రొటీన్ ఉంది, కొవ్వు అంతకు రెట్టింపు పైనే ఉంది, ఖరీదు సంగతి మీ నాన్నగారినే అడుగు.

డబ్బా విషయం. వే పొడి పాల నుంచే తీస్తారు, కాబట్టి మీ ఇంటి నియమానికి అడ్డు కాదు. బఠాణీ పొడి కూడా వస్తోంది, 2015లో ఫ్రాన్స్‌లో 161 మంది మీద చూస్తే చేతి కండ పెరగడంలో వేకి ఏమీ తీసిపోలేదు. కానీ పైన రాసిన లెక్క కుదిరినవాడికి ఏ పొడీ అక్కర్లేదు. ఎప్పుడైనా కొన్నా, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు లేని డబ్బా, విడిగా కవర్లో కట్టిచ్చే పొడి ముట్టుకోకు. క్రియాటిన్ అని కండకి శక్తినిచ్చే పదార్థం ఒకటుంది, అది మాత్రం మాంసం తిననివాళ్ళ కండల్లో తక్కువ ఉంటుంది, పొడిగా అమ్ముతారు, అది ఫ్యాక్టరీలో తయారయ్యేదే, జంతువుల నుంచి తీసేది కాదు, ఏడాది గడిచాక నిదానంగా ఆలోచించొచ్చు. అన్నిటికన్నా ముందు, శాకాహారుల్లో తరచూ తగ్గే విటమిన్ బి12కి రక్తపరీక్ష చేయించుకో. భోజనం అవ్వగానే టీ తాగే అలవాటుంటే మానెయ్, పప్పులో ఐరన్ ఒంటపట్టనివ్వదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మాట ఎవడైనా ఎత్తితే ఆ జిమ్ మార్చెయ్. వృషణాలు కుంచించుకుపోవడం, పిల్లలు పుట్టకపోవడం, గుండె దెబ్బతినడం, ఇవి బెదిరించడానికి చెప్పే మాటలు కావు.

ఇక బతుకుతెరువు. పోటీల బాడీబిల్డింగ్‌ని వృత్తిగా పెట్టుకోవద్దని నా సలహా, నీ తిండి అందుకు కారణం కాదు. అది ఒలింపిక్స్‌లో లేదు, ప్రైజ్ మనీ కన్నా తయారీ ఖర్చే ఎక్కువ, స్పాన్సర్లు మన జిల్లాల దాకా రారు. బరువులెత్తడమే ఇష్టమైతే వెయిట్ లిఫ్టింగ్ ఇంకా నయం, ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చారు, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లే అన్నట్టుంటుంది, 2014 కామన్వెల్త్ పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. కానీ వాళ్ళు చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్ళు, నీకు పద్దెనిమిది వచ్చేశాయి. ఉత్త జిమ్ ట్రైనర్ ఉద్యోగం కూడా చెయ్యొచ్చు, అయితే తెల్లారి నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, మధ్యలో ఖాళీ, నలభై ఏళ్ళొచ్చాక ఏం చేస్తావన్నదానికి చాలామంది ట్రైనర్ల దగ్గర జవాబుండదు.

నీ దగ్గరున్న అవకాశం ఇంకోటి. పైన నేను వేసిన లెక్క ఉంది చూశావూ, మన పక్క ఆ లెక్క వేసిపెట్టేవాళ్ళు చాలా తక్కువ. జిమ్‌లో చెప్పేవాడికి సైన్సు రాదు, ఆసుపత్రి డైటీషియన్‌కి బరువులెత్తేవాడి సంగతి పట్టదు, పైగా ఇద్దరూ ఇచ్చే చార్టులో గుడ్డు తెల్లసొన, ఓట్స్, బ్రకోలీ ఉంటాయి తప్ప ఉలవ గుగ్గిళ్ళుండవు. నువ్వు బైపీసీ చదివావు, జిమ్ తెలుసు, శాకాహారి వంటిల్లు తెలుసు. ఈ మూడూ ఒక్కడిలో ఉండటం అరుదు.

దారి ఇలా ఉంటుంది. ఫుడ్ సైన్స్, న్యూట్రిషన్, డైటెటిక్స్ ఉన్న బీఎస్సీలో చేరు. గుంటూరులో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది, అందులో ఆహారం, పోషణ పెద్ద భాగం. తర్వాత హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్, ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు తక్కువ, పోటీ గట్టిదే. మన దేశపు ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంతుందో 528 రకాలకి లెక్కగట్టి 2017లో పట్టికలు వేసింది ఆ సంస్థే. ఎమ్మెస్సీ, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష రాస్తే చేతికి బలమైన గుర్తింపు వస్తుంది. మొదట్లో జీతాలు పెద్దగా ఉండవు, విశాఖ ఆసుపత్రుల్లో రెండు మూడేళ్ళు నలిగాకే సొంత క్లయింట్లు, అకాడమీలు అన్న మాట. చదువుతూనే ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ ఒకటి చేసుకుంటే సాయంత్రాలు జిమ్‌లో పని దొరుకుతుంది, ఖర్చులకి నాన్నగారి మీద పడక్కర్లేదు.

ఇంత చదువు వద్దనుకుంటే, వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి రెండేళ్ళ డిప్లొమా యూజీడీపీఎడ్, లేదా డిగ్రీ తర్వాత బీపీఎడ్, ఆపైన డీఎస్సీలో పీఈటీ (బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు) పోస్టులు. సర్కారు నౌకరీ అన్న మాట వింటే మీ ఇంట్లో గొడవ కొంత సద్దుమణగొచ్చు.

ఈ పేరా నాన్నగారికి చదివి వినిపించు. అయ్యా, ఫార్మసీ చెడ్డదని నేననను. కానీ ఇష్టం లేకుండా నాలుగేళ్ళు బీఫార్మసీ చేసిన పిల్లలు మెడికల్ షాపు కౌంటర్లలో చిన్న జీతాలకి నిలబడటం మీరూ చూస్తూనే ఉన్నారు. స్పోర్ట్స్ న్యూట్రిషనిస్ట్ అంటే జిమ్‌లో అద్దం ముందు నిలబడేవాడు కాదు, 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో పేరు పెట్టి చేర్చిన వృత్తి. అబ్బాయి పొద్దున్న గంట వ్యాయామం చేసుకుని మిగతా రోజంతా పుస్తకం పట్టుకుంటానంటే మీరు ఒప్పుకోవచ్చని నా అభిప్రాయం.

బాబూ, డిగ్రీలో ఫీజు కట్టకముందే ఆ ఎమ్మెస్సీకి ఏ డిగ్రీలు అర్హతో ప్రాస్పెక్టస్‌లో చూసుకో, పేరు బాగుందని ఏదో కోర్సులో చేరి మూడేళ్ళ తర్వాత అర్హత లేదంటే చేసేదేం ఉండదు. నీ ఇంటర్ మార్కులు, ఈఏపీసెట్ ర్యాంకు ఉత్తరంలో రాయలేదు, అవి పంపితే ఎక్కడెక్కడ దరఖాస్తు చెయ్యాలో పేర్లతో సహా చెప్తాను.