పేకాట బతుకుతెరువు కాగలదా?

ప్రశ్న: మాది ఉండి దగ్గర ఒక పల్లె. మా వారు పదకొండేళ్లు రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం చేసి, ఆరు నెలల క్రితం మానేశారు. రమ్మీలో తనకు మంచి పట్టు ఉందని, ఇక అదే తన వృత్తి అని అంటున్నారు. మొదట ఫోనులో ఆడేవారు. ఇప్పుడు రోజూ చెరువు గట్టు మీది మకాంలో ఆడుతున్నారు. గెలిచిన రోజుల లెక్క ఒక పుస్తకంలో రాసుకుని నాకు చూపిస్తారు. నేను వద్దంటే, "రొయ్యల చెరువు మాత్రం జూదం కాదా?" అని అడుగుతారు. మా అత్తగారేమో, మామగారు నలభై ఏళ్లు అరుగు మీద పేక ఆడినా ఇల్లు నిలబడిందని ఆయననే వెనకేసుకొస్తారు. నా గాజులు ఇప్పటికే తాకట్టులో ఉన్నాయి. సరదాకు ఆడటానికీ, దాని మీద బతకటానికీ తేడా ఎక్కడుందో చెప్పగలరా?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో నిజం ఉంది. మీ మామగారి తరం వారు సాయంత్రం కోతలో, ఊడ్పులో ముగించుకుని వచ్చి అరుగు మీద కూర్చుని ఆడిన ఆటలో చేతులు మారిన రూపాయలు ఆ నలుగురి మధ్యే తిరిగేవి. ఈ వారం పోగొట్టుకున్నవాడు వచ్చే వారం రాబట్టుకునేవాడు, రాబట్టుకోలేకపోతే కాఫీ ఖర్చు అనుకుని వదిలేసేవాడు. సంక్రాంతి మూడు రోజుల్లో కొందరు గుండాట (గుర్తుల మీద పాచికల పందెం) దగ్గర నిలబడి, జేబులో పెట్టుకువచ్చినంత పోగానే ఇంటికి వెళ్లిపోవటం కూడా ఆ కోవలోదే. (కోళ్లకు కత్తులు కట్టి ఆడే పందేలను మాత్రం నేను ఈ సరదాలో చేర్చను, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దాన్ని నేరమంటోంది, చూసిన కళ్లతో నేనూ అదే అంటాను.) ఆ ఆటగాళ్లకు ఇల్లు గడవటానికి వేరే ఆదాయం ఉంది, ఆట మీద పెట్టినది వినోదానికి పెట్టిన ఖర్చు. మీ వారు అదే పేకముక్కల నుంచి బియ్యం, పిల్లల ఫీజులు, తాకట్టు వడ్డీ రావాలని కోరుతున్నారు.

అలా రావాలంటే ఏం కావాలో లెక్క వేసి చూడండి. ఒక మకాంలో ఆరుగురు తలా వెయ్యి రూపాయలు వేసి ఆడుతున్నారనీ, నడిపేవాడు ప్రతి ఆట నుంచీ నూటికి అయిదు తీసుకుంటున్నాడనీ అనుకుందాం. ఆటకు 300 రూపాయలు పోతాయి, రాత్రికి 20 ఆటలైతే 6,000. ఆరుగురూ సమానమైన నేర్పరులైతే తెల్లవారేసరికి ఒక్కొక్కరు సగటున వెయ్యి రూపాయలు పోగొట్టుకుని లేస్తారు. మీ వారు లాభపడాలంటే తోటివారికంటే కొంచెం మెరుగ్గా ఆడితే చాలదు, ఆ కోతను దాటి, ఇంటి ఖర్చుకు సరిపడేంత మెరుగ్గా, అదీ ఏడాది పొడవునా ఆడాలి. అంత తేడా ఉన్నవాడితో మిగిలిన అయిదుగురూ ఎన్నాళ్లు కూర్చుంటారు? గుండాటలో నేర్పు అనే మాటే లేదు. ఆరు గుర్తుల పలక మీద మూడు పాచికలు వేసి, మీ గుర్తు ఎన్ని పాచికల మీద పడితే, పెట్టిన సొమ్ము తిరిగి ఇచ్చి పైన అన్ని రెట్లు ఇచ్చే పద్ధతిలో, పాచికలు పడగల 216 విధాల్లో 125 సార్లు మీ సొమ్ము పోతుంది. ప్రతిసారీ వంద రూపాయలు పెడితే 216 ఆటలకు సగటున 1,700 రూపాయలు నష్టం. ఆ సొమ్ము పలక పరిచినవాడిది. అతనికి అది వృత్తే.

రొయ్యల చెరువు సంగతికి వస్తాను. మీ వారి ప్రశ్నల్లో నిజంగా బలమున్నది ఇదే, దీన్ని కొట్టిపారేస్తే ఆయన మీ మాట వినరు. 2009 తరువాత వనామి రకం రొయ్య వచ్చినప్పటి నుంచి మన ప్రాంతంలో ఎందరు రైతులు వైట్ స్పాట్ వైరస్ తెగులు తగిలి ఒక్క వారంలో పంటంతా పోగొట్టుకున్నారో, రొయ్యలు పట్టే (పట్టుబడి) రోజునే కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) పడిపోయి అప్పుల పాలయ్యారో ఆయన ఉద్యోగంలో స్వయంగా చూసి ఉంటారు. ప్రమాదం రెండింటిలోనూ ఉంది. అయితే చెరువులో రొయ్య పిల్ల వేస్తే మూడు నాలుగు నెలలకు ఊళ్లో అంతకుముందు లేని సరుకు పుడుతుంది, దాన్ని కొనేవాడు రైతు ఓడిపోవాలని కోరుకోడు, ధర ఇచ్చి తీసుకుపోతాడు. రైతు, మేత కంపెనీ, ఐసు ఫ్యాక్టరీ, పట్టుబడి కూలీ అందరూ ఒకే పంట మీద బతికే వీలుంది. నీటి పరీక్ష, నీటికి గాలి అందించే ఏరేటర్లు, మేత కొలత ఇవన్నీ ప్రమాదాన్ని కొంతైనా తగ్గిస్తాయి, ఒక పంట పాఠం తరువాతి పంటకు పనికివస్తుంది. పేక బల్ల మీద కొత్తగా పుట్టేది ఏదీ లేదు. ఎదుటివాడి ఇంటి నుంచి వచ్చిన సొమ్మే, అదీ నడిపేవాడి కోత పోను, మరొకరి ఇంటికి చేరుతుంది. పదకొండేళ్లు చెరువుల మధ్య గడిపిన మనిషికి ఈ తేడా నాకంటే బాగా తెలియాలి. ఆయన చేతిలో ఉన్న అసలు విద్య కూడా అదే.

రమ్మీలో నేర్పు ఉందన్న మాట వాస్తవమే. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం గల ఆటేనని చెప్పింది. అయితే ఆ తీర్పులోనే, పందెం ఆట మీద నడిపేవాడు లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ఈ రెండో భాగాన్ని మకాంలలో ఎవరూ చెప్పరు. రాష్ట్రంలో 1974 నాటి జూద నిరోధక చట్టం ఉంది, 2020లో దాన్ని ఆన్‌లైన్ ఆటలకూ విస్తరించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పు ఉన్నా లేకపోయినా, డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలు నడపటాన్నే నిషేధించింది. పేకాటలో గెలిచిన సొమ్ము మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది, ఏ వృత్తిలోనైనా ఖర్చు పోను మిగిలినదాని మీద పన్ను వేస్తారు గాని ఇక్కడ ఖర్చునూ ఓటమినీ తీసివేయనివ్వరు. గెలిచిన పందెం ఎదుటివాడు ఎగ్గొడితే, 1872 నాటి ఒప్పంద చట్టం 30వ సెక్షన్ ప్రకారం కోర్టుకు వెళ్లి రాబట్టుకునే వీలు లేదు. రాబడి అడిగే హక్కు కూడా లేని పనిని వృత్తి అని ఎలా అనగలం?

ఇక మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ పుస్తకం. అందులో గెలిచిన రోజులు మాత్రమే ఉన్నాయి. పోగొట్టుకున్నది రాబట్టటానికి మళ్లీ కూర్చోవటం, ఓటమిని దాచటం, ఇంట్లో వస్తువులు తాకట్టుకు వెళ్లటం కలిసి కనిపిస్తే అది వైద్యం అవసరమైన స్థితి కావచ్చు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన మాట్లాడకపోయినా ముందు మీరు చేయండి.

నిందతో మాట మొదలుపెట్టవద్దు. ఆయన ఆడని రోజు చూసి, మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టుకుని, ఈ ఆరు నెలల్లో వెళ్లిన ప్రతి రాత్రికీ వచ్చినదీ పోయినదీ రెండూ ఆ పుస్తకంలోనే రాయమనండి. బ్యాంకు పుస్తకం, తాకట్టు రసీదులు పక్కన పెట్టండి. మొత్తం అప్పు ఎంతో తేలేవరకు మరో నగ ఇవ్వకండి, ఏ ప్రామిసరీ నోటు మీదా హామీ సంతకం చేయకండి, పొలం పాసు పుస్తకం మీ అత్తగారి దగ్గరే భద్రంగా ఉంచమనండి. పాత కంపెనీలోనో, చెరువుల నిర్వహణలోనో తిరిగి చేరే మాట ఆ లెక్క పూర్తయిన రోజునే ఎత్తండి.