రెండు కిస్తీలు ఆగితే రాత్రి 8 గంటలకు ఇంటికి వచ్చి కూర్చోవచ్చా?

మీ అమ్మగారి గ్రూపు లోన్‌లో రెండు వారాల కిస్తీ ఆగిందని, ఫీల్డ్ ఆఫీసర్ రాత్రి 8కి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడని రాశారు. కూర్చోకూడదు. కుటుంబానికి ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉంటే, తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పుకి 2022 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు వర్తిస్తాయి. ఇచ్చింది బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా అంతే. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం కదపకూడదు. బెదిరించకూడదు, చుట్టాలనూ తెలిసినవాళ్లనూ వేధించకూడదు, పేరు బయట పెట్టకూడదు.

అయితే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వసూలు జరగాల్సింది ఇద్దరూ ఒప్పుకున్న చోట, అంటే మామూలుగా గ్రూపుల వాళ్లంతా కిస్తీ కట్టడానికి కలిసే సెంటర్ మీటింగ్‌లో. వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతే మాత్రం ఇంటికి వచ్చే వీలు వాళ్లకుంది. డబ్బు లేదని సిగ్గుపడి మీటింగ్ మానేస్తే ఆ వీలు మనమే ఇచ్చినట్టు. చేతిలో 200 ఉన్నా సరే, అమ్మగారిని వెళ్లమనండి. ఆ 200 లోన్ కార్డులో రాయించి, సంతకం పెట్టించుకుని రమ్మనండి. కార్డు "తర్వాత ఇస్తాను" అని సెంటర్ లీడర్ తన దగ్గరే ఉంచేసుకుంటే ఆ డబ్బుకి లెక్క లేనట్టే.

ఆలస్య రుసుం కూడా ఒకసారి చూడండి. కిస్తీ 1,150 అయితే రెండు వారాల బకాయి 2,300; రుసుం దాని మీదే వేయాలి, ఇంకా తీరాల్సిన అప్పు 38,000 ఉంటే దాని మీద కాదు. లోన్ ఫ్యాక్ట్‌షీట్‌లో (వడ్డీ, ఖర్చులు రాసి ఇచ్చే కాగితంలో) లేని ఏ ఖర్చూ వసూలు చేయకూడదు, ఇన్సూరెన్స్ పేరుతో కోసుకున్నదైనా సరే. ముందే తీర్చేస్తే జరిమానా లేదు.

ఫిర్యాదు నోటిమాటగా వద్దు. కార్డు మీద నోడల్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే కంపెనీ అధికారి) పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి. తేదీ, టైము, అన్న మాట రాసి పంపి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చింది నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంక్ (ఆర్‌బీఐ) ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఖర్చు లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. కంపెనీకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే మాత్రం తిప్పి పంపేస్తారు. ఫిర్యాదు నడుస్తోంది కదా అని కిస్తీ ఆపకండి, ఎవరు అప్పు ఎలా కడుతున్నారో రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలో బకాయి పడుతూనే ఉంటుంది.