బుల్లెట్టు విప్పేముందు పేపర్లు విప్పండి

ప్రశ్న: నెల్లూరులో లేత్ మీద టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కావలిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నాను. ఈమధ్య 1982 మోడల్ బుల్లెట్ 350 కొన్నాను. ఓనరు చనిపోతే వాళ్లబ్బాయి ఇచ్చాడు. ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉన్న బండి, ట్యాంకు నిండా తుప్పు. ఇంజను దించి, సిలిండర్ లోపల తొలిపించి రీబోర్ చేయిద్దామనుకుంటున్నాను. పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు కూడా వస్తుందంటున్నారు, నిజమేనా?
– టర్నర్, కావలి

జవాబు: స్పానర్ పక్కన పెట్టి ముందు ఆ అబ్బాయి ఇంటికి వెళ్లండి సార్. ఆర్సీ ఇంకా వాళ్ల నాన్న పేరు మీదే ఉందంటే మీరు డబ్బు ఇచ్చారు గానీ బండి మీది కాలేదు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి ఫారం 31తో మొదట వారసుడి పేరుకి మార్చాలి, ఆ తర్వాతే ఫారం 29, 30తో మీ పేరుకి. మిగతా వారసులుంటే వాళ్ల ఒప్పుదల కూడా ఇప్పుడే రాయించుకోండి, ఎందుకంటే రంగు వేసి, క్రోమియం కొట్టించి, బండి తళతళలాడుతూ వీధిలోకి వచ్చాక ఆ సంతకానికి రేటు పెరుగుతుంది. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో కలుస్తున్నాయో లేదో మీరే తుడిచి చూసుకోండి. అంత పాత బండి కాబట్టి రికార్డు కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో కూడా ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవాలి.

వింటేజ్ సంగతి మర్చిపోండి. 2021లో వచ్చిన రూలు ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, మీ బండికి 2032 దాకా ఆ యోగం లేదు. వచ్చినా ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కకూడదు, ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేరుకీ మాత్రమే. టీ తాగడానికి బస్టాండు దాకా వెళ్లే బుల్లెట్టు కావాలంటే 15 ఏళ్లు దాటిన బండ్లకు ఐదేళ్లకోసారి చేసే మామూలు రెన్యువలే మీకు దారి.

ఇక ట్యాంకు. పెట్రోలు కుళాయి విప్పేసి, ఆ కన్నం మూసి, లోపల గుప్పెడు నట్లు వేసి బాగా గిలకొట్టండి. అవి తీసేసి వెనిగర్ నింపి ఒకటి రెండు రోజులు వదిలేయండి, తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి లోపలంతా కాస్త ఇంజనాయిల్ తిప్పండి. ఈ ఆఖరి పని సాయంత్రం చేద్దాంలే అని భోజనానికి వెళ్తే, సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో కొత్త తుప్పు మీకంటే ముందే లేస్తుంది. ఎక్కడైనా చిల్లు పడితే మాత్రం ఆ ట్యాంకు మీద వెల్డింగ్ రాడ్ పెట్టొద్దు, ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, పేలుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరును కూడా తినేస్తుంది, కాబట్టి పెట్రోలు పైపు, కార్బురేటర్ వాషర్లు కొత్తవి వేయండి.

రీబోర్ మాట కొలిచాక ఆలోచిద్దాం. ప్లగ్గు కన్నంలోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి నాననిచ్చి, సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ పట్టుకుని కిక్కుని చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగిందంటే స్పార్క్ పుట్టించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.35–0.40 మి.మీ. పెట్టి స్పార్క్ చూడండి, సగం బండ్లు ఇక్కడే ప్రాణం పోసుకుంటాయి. తిరగకపోతేనే సిలిండర్ బ్యారెల్ దించండి. కంపెనీ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 70 మి.మీ., పైనా మధ్యా కిందా రెండు వైపులా కొలవడం టర్నర్‌కి నేను నేర్పాలా!

ప్రశ్న: ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది. పాత లేత్‌కి త్రీఫేజ్ మోటారు. ఏం చెయ్యాలి? బయటి పనులు కూడా ఒప్పుకోవచ్చా?
– కనిగిరి

జవాబు: చిన్న లేత్ అయితే 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు వేసుకోండి, పీడా పోతుంది. సింగిల్ ఫేజ్‌ని త్రీఫేజ్‌గా మార్చే డ్రైవ్ పెట్టి ఉన్న మోటారునే తిప్పొచ్చు గానీ దానికి మోటారు చుట్లు డెల్టా పద్ధతిలో కలిపి ఉండాలి, మన చిన్న మోటార్లలో చాలావాటికి లోపలే స్టార్ పద్ధతిలో కట్టేసి మూడు వైర్లే బయటికి వదులుతారు. సొంత బుష్‌లు తిప్పుకున్నంత కాలం ఎవరూ అడగరు. డబ్బు తీసుకుని పని చేస్తే ఇంటి మీటరు కుదరదు, పట్టుకుంటే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు.

ప్రశ్న: మా వారు రిటైరైనప్పటి నుంచి వంటింటి వెనక వరండాలో పాత బండ్లు విప్పి పార్టులు పెట్రోలుతో కడుగుతున్నారు. చెబితే వినరు. మీరన్నా చెప్పండి.
– ఒంగోలు

జవాబు: అన్నా, అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ గుమ్మం దాటి స్టవ్వు దాకా వస్తుంది. డీజిల్‌తో కడుగు, అదీ వరండాలో కాదు, పెరట్లో. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, డ్రమ్ములోకి కంప్రెసర్ గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టి పారెయ్. అక్కా, ఆయన వరండా వదలాలంటే పెరట్లో రెండు రేకులు వేయించండి, వాన పడితే మళ్లీ వంటింటి దగ్గరికే వస్తాడు.