పగిలిన కప్పు నా కాపురం కాదు

"అడవిలో నడుస్తున్నట్టు ఊహించుకోమంటారు, దారిలో ఏం కనిపించిందో అడుగుతారు, దాన్నిబట్టి మన వ్యక్తిత్వం చెప్పేస్తారు. ఇందులో నిజమెంత?" అని అడిగారు.

నిజం లేదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ అడవిలో ఒకసారి ఆఫీసు మొత్తం చూస్తుండగా నా పరువు పోయింది.

మూడేళ్ళ కిందట మాకొక ట్రైనింగ్ పెట్టారు. భోజనాలు కాగానే లైట్లు తగ్గించి కళ్ళు మూసుకోమన్నారు. అసలు ఆ వేళప్పుడు కళ్ళు మూసుకోమనడమే తప్పు. వెనక వరసలో ఇద్దరు అడవి దాకా రాకుండానే నిద్రపోయారు. ట్రైనర్ గారు గొంతు తగ్గించి మొదలుపెట్టారు. అడవిలో నడుస్తున్నారు, పక్కన ఎవరున్నారు? ఒక జంతువు ఎదురైంది, ఏ జంతువు, ఏం చేశారు? కాస్త దూరంలో ఇల్లు, దానికి కంచె ఉందా? లోపల బల్ల మీద ఏముంది? వెనక గుమ్మంలోంచి బయటికొస్తే నేల మీద ఒక కప్పు, అది దేంతో చేసింది, దాన్నేం చేశారు? చివర్లో నీళ్ళు, దాటాలి. ఎంతవరకు తడిశారు?

నాకు కనపడింది తెల్లటి పింగాణీ కప్పు. అంచు కొంచెం పగిలి ఉంది. ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని దారి పక్కకి నెట్టి ముందుకెళ్ళాను. అదే చెప్పాను. ట్రైనర్ గారు ఒక్క క్షణం ఆగి, జాలిగా నవ్వి, "కప్పంటే మీకు అత్యంత దగ్గరి బంధమండీ" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. సాయంత్రానికి నా కాపురం గురించి నాకు తెలియని సంగతులు కూడా ఆఫీసులో తిరుగుతున్నాయి.

ఆ పొద్దున ఏం జరిగిందో వాళ్ళెవరికీ తెలియదు. కడుగుతుంటే చెయ్యి జారి సింకులో కప్పు అంచు విరిగింది. పారేయాలా, ఉంచాలా తేల్చుకోలేక గట్టు మీద పెట్టి ఆఫీసుకొచ్చాను. నేల మీద కప్పు అనగానే ఇంకేం కనపడుతుంది? వారం ముందు అడిగుంటే స్టీలు గ్లాసు చెప్పేవాణ్ణేమో. అప్పుడు నాది ఉక్కులాంటి బంధం అనేవారు!

ఇంకో సంగతి. నీళ్ళ ప్రశ్నకి మామూలుగా చెప్పే అర్థం శృంగారం. ఎంత తడిస్తే దానికి అంత ప్రాధాన్యం ఇస్తామట. మా మేనేజర్ గారు అప్పటికే హుషారుగా "పీకల్దాకా మునిగాను" అనేశారు. అందుకని ట్రైనర్ గారు అక్కడికక్కడే దాన్ని "భావోద్వేగాలు" అని మార్చేశారు. నాకిది ఇంటికెళ్ళి వెతికితే తెలిసింది. మేనేజర్‌ని బట్టి మారే అర్థం నా వ్యక్తిత్వాన్ని ఏం చెప్తుంది?

అర్థాల చిట్టా కూడా ఒక్కటి కాదు. ఇదే ఆటని ఎడారిలో ఆడిస్తారు. అక్కడ ఘనాకారపు పెట్టె మీరు, నిచ్చెన స్నేహితులు, గుర్రం ప్రేమించే మనిషి, పువ్వులు పిల్లలు, తుఫాను కష్టాలు. జపాన్‌లో 1990ల మొదట్లో ఇలాంటి ప్రశ్నలతో టీవీ షోనే నడిపారు. కాలక్షేపానికైతే నాకేం పేచీ లేదు. కానీ "ఇది సైకాలజీ" అనగానే ఒళ్ళు మండుతుంది. సైకాలజీలో ఊహల దారి లేకపోలేదు. జర్మనీలో హాన్స్‌కార్ల్ లాయినర్ అనే ఆయన 1950లలో పచ్చిక మైదానం, వాగు, కొండ, ఇల్లు, అడవి అంచు ఊహించుకోమంటూ ఒక చికిత్సా పద్ధతే తయారుచేశారు. అది వైద్యుడి దగ్గర కూర్చుని చేయించుకునేది. టీ బ్రేకు లోపు తీర్పు చెప్పేది కాదు.

మరి అందరూ "అబ్బ, కరెక్టుగా చెప్పారు" అంటారెందుకు? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళకన్నట్టు కాగితాలు పంచారు. అయిదుకి ఎంత సరిపోయిందో మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వచ్చింది. నిజానికి కాగితాలన్నిటిలో ఉన్నది ఒకటే వర్ణన! అందులో చాలా వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకున్నవి.

నా పరువు సంగతి సరే, ఆ రోజు అంతకన్నా పెద్ద తప్పు జరిగింది. నా పక్క సీటావిడ వంతు వచ్చినప్పుడు, "నాకేం కనపడలేదు సార్, అంతా చీకటే" అంది. ట్రైనర్ గారు అందరికీ వినపడేలా, "మనసు తలుపులు మూసేసుకున్నారు, ఏదో దాస్తున్నారు" అన్నారు. ఆవిడ తల దించుకుంది. నేనూ నవ్వాను. నా మీద నవ్వులు ఆగాయన్న సంతోషం కావచ్చు.

చాలా నెలల తర్వాత ఆవిడే చెప్పింది. కళ్ళు మూసుకుంటే తనకి ఏ బొమ్మా రాదట, సొంత పిల్లల మొహాలు కూడా. "ఊహించుకో" అనేది ఊరికే మాటవరసకి అంటారనే ఇన్నాళ్ళూ అనుకుందట. దీనికి అఫాంటేసియా అని పేరుంది, 2015లో ఆడమ్ జెమాన్ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు పెట్టారు. దాచడానికి అక్కడ ఏ తలుపూ లేదు. ఆవిడకి సారీ చెప్పాను. ట్రైనర్ గారు ఇంకా ఎక్కడో ఎవరినో అడవికి తీసుకెళ్తూనే ఉండుంటారు.

ఇంత తిట్టి కూడా ఈ ఆట మా అమ్మతో ఆడాను. పక్కన ఎవరున్నారమ్మా అంటే, "ఎవరూ లేరు, హాయిగా ఉంది" అంది. చిట్టా ప్రకారమైతే పాపం ఒంటరి మనిషి. చిట్టా పక్కన పెట్టి ఎందుకు హాయి అని అడిగాను. "పెళ్ళయ్యాక ఒక్కదాన్నీ ఎక్కడికైనా నడిచి ఎన్నేళ్ళయిందిరా! పొద్దున వాకింగుకి కూడా నువ్వు వెంటపడి వస్తావు, నీతో సమానంగా అడుగులెయ్యలేక ఆయాసం" అంది. తోడుగా వెళ్తున్నానని రెండేళ్ళుగా మురిసిపోతున్నాను నేను.

మర్నాడు ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే నేను లేవలేదు. గంటన్నర తర్వాత వచ్చింది. ఎక్కడిదాకా వెళ్ళావని అడిగితే చెప్పలేదు.