ఉప్పెనలా వచ్చే కోపం, ఏడుపు... డీబీటీతో అదుపులోకి వస్తాయా?

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. చిన్న మాటకే పట్టరాని కోపం, గంటల తరబడి ఏడుపు, ఆ తర్వాత తనలో తనే కుమిలిపోవడం. స్నేహాలు నిలవడం లేదు. ఒకసారి చేతిపై గాయం కూడా చేసుకుంది. సైకియాట్రిస్టు డీబీటీ చేయించమన్నారు. మందులతో తగ్గదా? అసలు ఆ చికిత్సలో ఏం చేస్తారు? – ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కావాలని ఇలా చేస్తోందని గానీ, ఇదంతా మీ పెంపకంలోని లోపమేనని గానీ అనుకోకండి. కొందరికి స్వభావరీత్యా భావోద్వేగాలు త్వరగా రగులుతాయి, చల్లారడానికి చాలాసేపు పడుతుంది; అలాంటివారి బాధను చుట్టూ ఉన్నవారు పదేపదే తేలిగ్గా తీసిపారేస్తే, తమను తాము ఊరడించుకోవడం వారికి అలవడదు. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీ, ఈ అవగాహన మీదే నిలబడింది. పదేపదే ఆత్మహత్యకు ప్రయత్నించేవారి కోసం సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కు చెందిన మార్షా లీనహాన్ దీన్ని రూపొందించారు. 1991లో వెలువడిన అధ్యయనంలో ఈ చికిత్స పొందినవారు తమను తాము గాయపరచుకోవడం, ఆసుపత్రిలో గడపాల్సిన రోజులు తగ్గాయని తేలింది. యౌవనంలో తానూ ఇదే వేదన అనుభవించానని 2011లో ఆమె బహిరంగంగా చెప్పారు. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

ఆమెను పరీక్షించకుండా నేను రోగ నిర్ధారణ చేయకూడదు. అయితే ఇలాంటి లక్షణాలు తరచుగా కనిపించే బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్‌కు ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. వెంట ఉండే డిప్రెషన్, ఆందోళనలకు మందులు ఉపయోగపడతాయి కాబట్టి, డాక్టర్ రాసినవాటిని సొంతంగా ఆపవద్దు.

చికిత్స సాధారణంగా ఏడాది పాటు సాగుతుంది. వారానికోసారి థెరపిస్టుతో విడిగా మాట్లాడటం, మరోసారి బృందంలో కూర్చుని మెళకువలు నేర్చుకోవడం, తట్టుకోలేని సమయంలో ఫోన్లో సలహా పొందడం ఇందులో భాగాలు. రోజూ కలిగిన భావోద్వేగాలను, గాయపరచుకోవాలన్న తలంపులను ఒక కార్డులో రాసుకోవాలి. హద్దు దాటిన రోజు ఏ మాటతో మొదలై ఏ మెట్టు మీదుగా అక్కడి వరకు వెళ్లిందో థెరపిస్టుతో కలిసి వెనక్కి వెళ్లి చూస్తారు. మెళకువల్లో ఒకటి, ఊపిరి బిగబట్టి అర నిమిషం పాటు ముఖాన్ని చన్నీళ్లలో ఉంచడం. దీనితో గుండె వేగం తగ్గి, ఆవేశంలో ఏదైనా చేసేలోపు ఆలోచించుకోవడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. గుండె జబ్బు గానీ, తిండికి సంబంధించిన మానసిక రుగ్మత గానీ ఉంటే డాక్టర్‌ను అడగకుండా దీన్ని చేయకూడదు.

ఇంట్లో మీరు చేయాల్సింది నా దృష్టిలో థెరపీ అంత ముఖ్యమైనది. ‘ఇంతమాత్రానికే ఏడవాలా?’ అనకుండా, ‘ఆ మాట నిన్ను చాలా బాధపెట్టింది కదమ్మా’ అని ముందు అనండి. అలా అనడమంటే ఆమె చేసినదంతా ఒప్పుకోవడం కాదు. బాధను అంగీకరిస్తూనే ప్రవర్తన మారాలని కోరడం, ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడమే డీబీటీ పద్ధతి.

పూర్తిస్థాయి డీబీటీ అందించే చోట్లు మన దగ్గర తక్కువే. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకుని, డీబీటీలో శిక్షణ ఉందా అని సూటిగా అడగండి. ఈలోగా బ్లేడ్లు, ఎక్కువ మోతాదులో మాత్రలు ఆమెకు అందుబాటులో ఉంచకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి భయపడవద్దు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.