తక్కువ డబ్బుతో దుబాయ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను, మావారు, ఏడేళ్ల బాబు కలిసి ఐదు రోజులు దుబాయ్ వెళ్దామనుకుంటున్నాం. టికెట్లు, వీసా పోను చేతిలో మిగిలేది తక్కువే. ఎవరిని అడిగినా "అక్కడ మంచినీళ్లు తాగాలన్నా డబ్బే, లక్షలు లేకుండా వెళ్లొద్దు" అంటున్నారు. నిజంగా మాలాంటివాళ్లు వెళ్లకూడదా? వెళ్తే ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి?

జవాబు: వెళ్లండి, నిక్షేపంగా వెళ్లండి. మీ వాళ్లు చెప్పే దుబాయ్ లేదని కాదు, పామ్ జుమేరా వైపు హోటళ్లు, మెరీనాలో పడవల మీద డిన్నర్లు, అవన్నీ ఉన్నాయి, వాటి జోలికి వెళ్తే మీ ఐదు రోజుల డబ్బు ఒకటిన్నర రోజులో అయిపోతుంది. కానీ ఆ ఊళ్లో ఉండేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా బయటి దేశాల నుంచి పనికోసం వచ్చినవాళ్లే. వాళ్లలో చాలామంది మామూలు జీతాలతో నెట్టుకొస్తూ, అందులోంచే ఇంటికి పంపుకునేవాళ్లు. వాళ్లు కూడా రోజూ బస్సెక్కాలి, టీ తాగాలి, కడుపునిండా తినాలి కదా. వాళ్ల కోసం నడిచే దుబాయ్ ఒకటి ఉంది, మీరు అందులో దిగి, అందులో తిని, అక్కడి నుంచి ఆ ఖరీదైన దుబాయ్‌ని చూసి రండి. నా సలహా మొత్తం ఇదే, మిగతాది వివరాలు.

దిగడానికి దేరా, బర్ దుబాయ్, కరామా, ఈ మూడింట్లో ఏదైనా సరే, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో చూసుకోండి. ఊరి చివర ఎక్కడో రూమ్ చవగ్గా కనిపిస్తే మోసపోకండి, అక్కడ మిగిలిందంతా టాక్సీలకే పోతుంది, పైగా పిల్లాడితో ఎండలో నిలబడాలి. రూమ్ బుక్ చేసేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. టూరిజం దిర్హమ్ అని ఒక ఫీజు ఉంటుంది, హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా (దిర్హమ్ అంటే అక్కడి కరెన్సీ). ఆన్‌లైన్‌లో కనిపించే రేటులో ఇది చాలాసార్లు కలిసి ఉండదు, కౌంటర్ దగ్గర విడిగా కట్టమంటారు. ఐదు రాత్రులకు లెక్కేసుకుంటే చిన్న మొత్తం కాదు, ముందే పక్కన పెట్టుకోండి.

తిరగడానికి మెట్రో. ఎయిర్‌పోర్టులో ఒకటో టెర్మినల్, మూడో టెర్మినల్ దగ్గరే రెడ్ లైన్ స్టేషన్లున్నాయి, రెండో టెర్మినల్‌కు మాత్రం మెట్రో లేదు, మీ విమానం ఎక్కడ దిగుతుందో టికెట్ మీద చూసుకోండి. దిగగానే మెట్రోలో, బస్సుల్లో టికెట్‌లా వాడుకునే సిల్వర్ నోల్ కార్డు తీసుకోండి, 25 దిర్హమ్‌లు, అందులో 19 మీ ప్రయాణాలకే వాడుకోవచ్చు. ఒక జోన్‌లోనే తిరిగితే 3 దిర్హమ్‌లు, పక్క జోన్‌కు వెళ్తే 5, ఎంత దూరమైనా ఏడున్నర దాటదు. ఒకే రోజు నాలుగైదు చోట్లకు తిరిగేట్టయితే 20 దిర్హమ్‌ల డే పాస్ మేలు. మన వైపు నుంచి వెళ్లే విమానాలు కొన్ని అర్ధరాత్రి పూట దిగుతాయి, ఆ టైమ్‌లో మెట్రో ఉండదు. ఎయిర్‌పోర్టు టాక్సీ మీటరేమో 25 దిర్హమ్‌ల దగ్గరే మొదలవుతుంది. పిల్లాడు నిద్రలో ఉంటే ఆ డబ్బు దగ్గర పీనాసితనం వద్దు, టాక్సీ ఎక్కేయండి.

మెట్రోలో రెండు విషయాలు మాత్రం మర్చిపోవద్దు. ఎక్కువ రేటు టికెట్‌వాళ్లకు గోల్డ్ క్లాస్ బోగీ ఒకటి, ఆడవాళ్లకూ పిల్లలకూ కేటాయించిన చోటు ఒకటి ఉంటాయి, మీవారు పొరపాటున అటు ఎక్కితే 100 దిర్హమ్‌ల ఫైన్. బాబుకు బిస్కెట్ ప్యాకెట్ విప్పి ఇచ్చినా, నీళ్లు తాగించినా అంతే. రైలెక్కే ముందే తినిపించేయండి. రోడ్డు కూడా జీబ్రా గీతల దగ్గరే దాటాలి, ఎక్కడ పడితే అక్కడ దాటితే 400 దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది జరిమానా. పొదుపు చేసిందంతా ఇలాంటి వాటికి పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

మంచినీళ్ల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా, 2022 నుంచి 'దుబాయ్ కెన్' అని పార్కుల్లో, బీచ్‌ల దగ్గర ఉచితంగా బాటిల్ నింపుకునే యంత్రాలు పెట్టారు. ఖాళీ బాటిల్ ఒకటి బ్యాగులో వేసుకోండి.

ఇక చూడాల్సినవి. మొదటి రోజు సాయంత్రం క్రీక్, అంటే ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ దగ్గరకు వెళ్లి అబ్రా ఎక్కండి. చెక్క పడవ, మధ్యలో పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ జనం వీపులు ఆనించి నీళ్లవైపు తిరిగి కూర్చుంటారు, నడిపేవాడు మధ్యలో గుంటలాంటి చోట నిలబడి ఒక చేత్తో పడవ తిప్పుతూ ఇంకో చేత్తో డబ్బులు తీసుకుంటాడు. మనిషికి ఒక దిర్హమ్. పక్కన కూర్చునేది పని ముగించుకుని ఇంటికి వెళ్తున్న మనిషి, మీలాగా చూడ్డానికి వచ్చినవాళ్లు తక్కువే. బర్ దుబాయ్ వైపు ఎక్కితే అవతల దేరా వైపు దిగగానే మసాలా దినుసుల బజారు, అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే బంగారం బజారు, చూడ్డానికి పైసా ఖర్చు లేదు. ఇవతలి ఒడ్డున అల్ ఫహీదీ పాత ఇళ్ల మధ్య సందుల్లో తిరగడానికీ టికెట్ లేదు, ఇళ్ల నెత్తిన గాలిని కిందకు పట్టుకునే చదరపు గోపురాలు కట్టారు, కరెంటు లేని రోజుల్లో ఎండను అలా తట్టుకున్నారు, బాబుకు చూపించండి. కైట్ బీచ్ ఉచితం. దుబాయ్ మాల్ దగ్గర ఫౌంటెన్ షో సాయంత్రాలు చెరువు గట్టున నిలబడి ఉచితంగానే చూడొచ్చు, అయితే మెట్రో దిగాక మాల్‌లోకి చేరడానికి ముప్పావు కిలోమీటరుకు పైగా ఏసీ వంతెన మీద నడవాలి, బాబుకు ముందే చెప్పి సిద్ధం చేయండి.

ఒక రోజు అబుదాబీ కూడా పెట్టుకోండి. అల్ ఘుబైబా బస్టాండు నుంచి ఈ100 బస్సు, 25 దిర్హమ్‌లు. షేక్ జాయెద్ మసీదుకు ప్రవేశ రుసుము లేదు, ఆన్‌లైన్‌లో ముందుగా ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే చాలు. ఆడవాళ్లు తల, చేతులు, కాళ్లు కప్పుకోవాలి, చీర కట్టుకుంటే నడుము కనపడకుండా పైన ఏదైనా వేసుకోండి. నా లెక్కలో ఐదు రోజుల్లో మీరు చూసే వాటన్నిటిలో ఎక్కువగా గుర్తుండేది అదే.

ప్రశ్న: బుర్జ్ ఖలీఫా ఎక్కకుండా వస్తే దుబాయ్ వెళ్లినట్టా? ఫ్రెండ్స్ నవ్వుతారేమో అనిపిస్తోంది. నాది చిన్న ఉద్యోగం, టికెట్ రేటు చూస్తే గుండె గుభేలుమంది.

జవాబు: మీకు నిజంగా ఎక్కాలని ఉంటే ఎక్కండి, ఫ్రెండ్స్ కోసమైతే వద్దు. 828 మీటర్ల భవనం, 2010లో తెరిచినప్పటి నుంచీ ప్రపంచంలో అదే ఎత్తైనది, చిన్నప్పటి నుంచి ఫోటోలు చూస్తూ పెరిగి ఉంటే అక్కడిదాకా వెళ్లి వెనక్కి రావడం బాధగానే ఉంటుంది. అలాంటి కోరిక ఉన్నప్పుడు ఆ ఒక్కదానికీ మనసారా ఖర్చు పెట్టి, మిగతా టికెట్లన్నీ మానేయండి. పది చోట్ల కొంచెం కొంచెం ఖర్చు పెట్టి ఏదీ తృప్తిగా చూడకుండా వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. సూర్యాస్తమయం వేళ రేటు బాగా ఎక్కువ, పొద్దున పూట అదే 124వ అంతస్తు, అదే కిటికీ, చాలా తక్కువకు వస్తుంది. ఆన్‌లైన్‌లో ముందే కొనండి. అంత కోరికేమీ లేదు, పైనుంచి ఊరు చూస్తే చాలనుకుంటే దుబాయ్ ఫ్రేమ్ ఉంది, 150 మీటర్ల ఎత్తు, పెద్దలకు 50 దిర్హమ్‌లు, ఒక పక్క పాత ఊరు, ఇంకో పక్క కొత్త ఊరు కనిపిస్తాయి. నాకైతే అదే నచ్చుతుంది.

ప్రశ్న: మా బాబాయి అక్కడ పన్నెండేళ్లుగా పని చేస్తున్నారు. ఆయన రూమ్‌లోనే నేనూ మా ఫ్రెండూ వారం రోజులు ఉంటే హోటల్ ఖర్చు మొత్తం మిగులుతుంది కదా? ఆయన "రండిరా" అంటున్నారు.

జవాబు: ఆయన రమ్మనే అంటారు, ఎందుకనరు? అన్న కొడుకు వస్తానంటే వద్దనే నోరు ఆయనకెలా వస్తుంది. అసలు ఆయన ఎలాంటి చోట ఉంటున్నారో మీకు తెలుసా? కంపెనీ వసతి అయితే బయటివాళ్లను రాత్రి ఉండనివ్వరు, పట్టుబడితే మాట పడేది ఆయనే. విడిగా ఉంటున్నా అది చాలావరకు 'బెడ్ స్పేస్' అయి ఉంటుంది, అంటే ఒకే గదిలో నాలుగైదుగురు, ఒక్కొక్కరికి ఒక మంచం, బాత్‌రూమ్‌కు వంతులు, తెల్లవారుజామున డ్యూటీకి లేచేవాళ్లు కొందరు, అప్పుడే వచ్చి పడుకునేవాళ్లు కొందరు. మీరిద్దరూ నేలమీద పక్కలేసుకుంటే ఇబ్బంది పడేది బాబాయి ఒక్కరే కాదు, మీకు ముక్కూమొహం తెలియని ఆ మిగతావాళ్లు కూడా. పైగా ఇళ్లను అడ్డుగోడలతో ముక్కలు చేసి పరిమితికి మించి జనాన్ని ఉంచే చోట్ల మున్సిపాలిటీ తనిఖీలు చేస్తోంది. మీ వారం రోజుల పొదుపు కోసం ఆయన గూడు కదిలిపోయే పరిస్థితి తేకండి.

ఆయనకు సొంత ఫ్లాట్, కుటుంబం ఉంటే సంగతి వేరు, సంతోషంగా ఉండండి, ఒక పూట సరుకులు మీరు తెండి. లేదంటే ఇద్దరూ కలిసి దేరాలో చవక రూమ్ తీసుకోండి, సెలవు రోజు ఏదో బాబాయిని అడిగి ఆ రోజంతా ఆయనకు వదిలేయండి. ఏ హోటల్లో భోజనం బాగుంటుందో, ఏ కెఫెటీరియాలో ఒకటి రెండు దిర్హమ్‌లకు మంచి కరక్ చాయ్ దొరుకుతుందో ఆయనకు తెలిసినంత ఏ గైడుకూ తెలియదు. ఆ రోజు బిల్లు మాత్రం ఆయన్ని కట్టనివ్వకండి. ఏళ్ల తరబడి అక్కడే ఉండి కూడా ఆ పెద్ద భవనాలను బస్సు కిటికీలోంచి తప్ప చూడనివాళ్లు చాలామంది ఉంటారు. వీలైతే ఆయన కోసం కూడా ఒక టికెట్ కొనండి.

ప్రశ్న: జూన్‌లో హోటళ్లు సగం రేటుకే దొరుకుతున్నాయి. వెళ్లొచ్చా?

జవాబు: ఎందుకు దొరుకుతున్నాయో ఆలోచించండి. పగలు 40 డిగ్రీలు దాటుతుంది, సముద్రపు ఉక్క సరేసరి. మాల్స్, మెట్రో చల్లగానే ఉంటాయి, కానీ తక్కువ ఖర్చుతో చూసేవన్నీ బయటే కదా, ఏసీలో కూర్చుంటే జేబు ఖాళీ అవుతుంది. మిరాకిల్ గార్డెన్ అనే పూలతోట, గ్లోబల్ విలేజ్ అనే పెద్ద ఎగ్జిబిషన్ కూడా ఎండాకాలంలో మూసేస్తారు. అక్టోబర్ చివరనో, మార్చి చివరనో వెళ్లండి. కొత్త సంవత్సరం వారం అసలే వద్దు.

ప్రశ్న: అక్కడ బంగారం కొనుక్కొస్తే ట్రిప్ ఖర్చు గిట్టుబాటు అవుతుందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా అండీ?

జవాబు: ఆ లెక్క మీద ఆధారపడి ట్రిప్ వేసుకోకండమ్మా. నగల మీద కస్టమ్స్ మినహాయింపు విదేశంలో ఏడాదికి పైగా ఉండి తిరిగొచ్చేవాళ్లకే, వారం రోజులు తిరిగొచ్చే మనకు కాదు. మెళ్లో వేసుకుని వస్తే అడగరన్నది వట్టి మాట. ఇష్టపడి చిన్నదేదైనా కొంటే గ్రాము రేటు దగ్గర బేరం ఉండదు, ఏ రోజు రేటు ఆ రోజుది, తరుగు మజూరీల దగ్గర మాత్రం గట్టిగా అడగండి, తగ్గిస్తారు. పాస్‌పోర్ట్ చూపించి 5 శాతం వ్యాట్ వెనక్కి తీసుకునే వీలుందేమో షాపులోనే కనుక్కోండి, కనీసం 250 దిర్హమ్‌ల బిల్లు ఉండాలి, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో సూట్‌కేస్ ఇచ్చేయకముందే ఆ పని చూసుకోవాలి. ఇక్కడి నుంచి బరువైన నగలు పెట్టుకుని వెళ్తుంటే, వెళ్లేటప్పుడే మన కస్టమ్స్ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ రాయించుకోండి. కార్డుతో కట్టేటప్పుడు మెషీన్ "రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా" అని అడిగితే దిర్హమ్‌లే నొక్కండి, రూపాయలంటే వాళ్లకు నచ్చిన మారకం రేటు వేస్తారు.

ప్రశ్న: బయట తిండి ఖర్చు తగ్గించడానికి పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్దామనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?

జవాబు: గట్టిగా మూతపెట్టిన పచ్చళ్లు, పొడులు మామూలుగా అందరూ పట్టుకెళ్తారు. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా ఉండకూడదు, అక్కడ అవి నిషిద్ధం, మత్తుపదార్థాల కింద లెక్క. మసాలా పొడి ఇంట్లో కొట్టినదైతే అందులో పడ్డాయేమో గుర్తు చేసుకుని, అనుమానముంటే ఇంట్లోనే వదిలేయండి. మందులు కూడా అంతే, కోడీన్, ట్రమడాల్ లాంటివి ఉన్న నొప్పి మాత్రలకూ దగ్గు మందులకూ ముందే ఆన్‌లైన్‌లో అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలి, మిగతావాటికి డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి. ఇంకొకటి, వాట్సాప్‌లో మెసేజ్‌లు, ఫోటోలు వెళ్తాయి కానీ కాల్స్ పనిచేయవు, ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి బయల్దేరండి, లేకపోతే ఫోన్ కలవడం లేదని రాత్రంతా టెన్షన్ పడతారు.